సవర పిల్లలకు వాచకం రాసిన మాస్టారు

ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడిగా ఆయన అందరికీ తెలుసు. కానీ ఆయన ఒక హైస్కూలు మాస్టారని, కొండల్లోని సవర పిల్లల కోసం ముందుగా కలం పట్టారని తెలిసినవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మెట్రిక్యులేషన్ చదివారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో 30 రూపాయల జీతంతో టీచరుగా చేరారు. పిల్లలకు పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పాసయ్యారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. అప్పట్లో వాళ్ళ పిల్లలకు సొంత భాషలో చదువుకోవడానికి పుస్తకాలు లేవు. రామమూర్తి గారు తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి సవర పల్లెలు తిరిగారు. అక్కడ మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్నా పెద్ద కష్టం ఏముంటుంది? అయినా ఆయన ఆగలేదు. సవర భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చు వేయించి పారితోషికం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని కోరారు.

అదే ఆలోచన ఆయన్ని తెలుగు పిల్లల వైపూ నడిపించింది. ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకాల్లోని గ్రాంథికం వేరు. ఆ తేడాతో చదువు భారమవుతోందని ఆయన గ్రహించారు. ఊరూరా సభల్లో వాదించారు, వ్యాసాలు రాశారు, 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. పండితులు ఎంత వ్యతిరేకించినా వెనక్కి తగ్గలేదు. సవరలనూ మరచిపోలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు 75 ఏళ్ళు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మన హాస్టల్లో ఒక్కో గదిలో ఒక్కో ఊరి యాస వినిపిస్తుంది. కొత్తగా చేరిన తమ్ముళ్ళు తమ మాటకు ఎవరైనా నవ్వుతారేమోనని క్లాసులో నోరు విప్పరు. అలాంటి పిల్లల కోసమే ఈ మాస్టారు జీవితమంతా రాశారు. తమ్ముళ్ళారా, మీ ఇంటి మాటలోనే ధైర్యంగా రాయండి. వచ్చే ఏడు ఈ సంచికలో మీ పేజీ కోసం ఎదురుచూస్తుంటాం.