నీలం మాత్ర - యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈసారి గోడ పత్రికలో మహనీయుని జీవితం రాసే వంతు నాది. నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. వారానికొకసారి అన్నం తిన్నాక మనకి నీలం మాత్ర ఇస్తారు గదా, అందులో ఆయన కష్టం ఉంది. ఆ మాత్ర నేను చాలాసార్లు మింగకుండా కిటికీలోంచి పడేశాను. ఇప్పుడు పడెయ్యట్లేదు. ఎందుకో కింద రాశాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో పేదరికం. డబ్బు సంపాదించాలని చిన్నప్పుడే కాశీకి పారిపోబోతే వాళ్ళమ్మ వెనక్కి తెప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో పాసయ్యారు.

మొన్న టీచరు మమ్మల్ని ఎల్.బి.నగర్ నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయారు. అక్కడ ఎటు చూసినా కోచింగు సెంటర్ల బోర్డులే, ర్యాంకులు వచ్చినోళ్ళ ఫొటోలే. రెండుసార్లు తప్పిన పిల్లవాడి ఫొటో ఎవరూ పెట్టరు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. ఆరో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు ఇంటికి పోతానని ఏడ్చాను. అందుకే ఆ బోర్డుల కింద నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. దొర ప్రొఫెసరుకి అది నచ్చలేదు. అందుకని ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ డిగ్రీ ఇచ్చారు. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. ఆ జబ్బొస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకీ వచ్చింది గాని ఆయుర్వేద వైద్యంతో బతికారు.

తరవాత అమెరికాలో బోస్టన్ వెళ్ళి హార్వర్డ్‌లో చదివారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉన్నారు. కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు. మళ్ళీ ఇండియాకి తిరిగి రాలేదు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. ఆకుకూరల్లో, కాలేయంలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం ప్రయోగశాలలోనే తయారు చేసింది. అన్నదమ్ముల్ని చంపిన స్ప్రూకి అదే మందయింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందు కూడా ఆయన బృందమే చేసింది. 1947లో ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త కాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చారు. కాన్సర్ కణాలు పెరగడం కొన్నాళ్ళు ఆగింది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. 53 ఏళ్ళే.

ఇప్పుడు నా సంగతి. మా అక్క మొదటి బిడ్డ నడుం దగ్గర వెన్ను మూసుకోకుండా పుట్టాడు. పదకొండు రోజులు బతికాడు. గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుందని అందరూ అక్కనే అన్నారు.

సైన్సు టీచరుని అడిగితే చెప్పింది. బిడ్డ కడుపులో పడ్డాక 28 రోజుల్లోపే వీపు పొడుగునా ఒక సన్న గొట్టం మూసుకుంటుందట. పై కొస మెదడు అవుతుంది, మిగతాది వెన్నుపాము. ఆ గొట్టంలో ఉండేవి నాడీ మూలకణాలు. అవి ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలి. మన గదిలో ఒకే నోట్సు ఉంటే ఇద్దరు చదవాలంటే ముందు ఎత్తి రాయాలి గదా. కణం కూడా రెండయ్యే ముందు తనలోని డి.ఎన్.ఏ.ని ఎత్తి రాసుకోవాలి. దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. తక్కువైతే కొన్నిసార్లు గొట్టం మూసుకోదు. అన్నిసార్లు ఇదే కారణం కాదు. కాని ఇలాంటి బిడ్డ ముందే పుట్టిన తల్లులకి గర్భం రాకముందు నుంచి ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్ళీ అలా పుట్టడం నూటికి 72 వంతులు తగ్గిందని 1991లో తేలింది. ఆ 28 రోజులు అయ్యేసరికి చాలామంది తల్లులకి కడుపుతో ఉన్నట్టే తెలియదు. అందుకే ముందు నుంచే కావాలి.

పోయిన ఆదివారం ఫోనులో అక్కకి ఇదంతా చెప్పాను. తప్పు కత్తిపీటది కాదన్నాను. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరమ్మని అడిగి మాత్ర మొదలుపెట్టమన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మాత్ర పేరు మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

మన నీలం మాత్రలో ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం అర మిల్లీగ్రాము ఉంటాయి. దొడ్డికి నల్లగా వస్తే భయపడకండి, అది ఐరన్ వల్లే. కడుపులో తిప్పుతుందని పరగడుపున వేసుకోకండి, అన్నం తిన్నాక మింగండి. పాలకూర, తోటకూర కంచంలో వదిలేయకండి. మన కిటికీ కింద నీలం మాత్రలు ఇంకా కనపడుతున్నాయి. వాటిల్లో కొన్ని నావే. ఇకమీదట అక్కడ ఒక్కటి కూడా పడకూడదని కోరుకుంటున్నాను.

- 9వ తరగతి విద్యార్థిని