చెక్క మీద అల లేపిన హొకుసాయ్

సమాఖ్య సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాసి పంపమన్నారు. మన కులపెద్దల గురించి రాసేవాళ్ళు మస్తుగ ఉన్నారు. మేము ఒక జపాను పనివాని గురించి రాస్తున్నాము. ఎందుకో చివరకు తెలుస్తుంది.

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న లక్షల బొమ్మల ఫొటోలను అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. పైసా కట్టనక్కరలేదు, అనుమతి అడగనక్కరలేదు. మా మనవరాలు ఫోనులో అది తెరిచి, పాత జపాను చెక్క అచ్చుల బొమ్మలు చూపెట్టింది. పెద్ద నీలి అల, దాని కింద మూడు పడవలు, దూరంగా చిన్నగా ఫుజి కొండ. గీసినాయన పేరు కత్సుషికా హొకుసాయ్.

ఆయన 1760లో ఎడో పట్నంలో పుట్టాడు. అదే ఇప్పటి టోక్యో. పద్నాలుగో ఏట చెక్క అచ్చులు చెక్కే పనిలో చేరాడు. మేము ఎనిమిదో తరగతి విడిచి మగ్గం గుంటలో దిగిన వయసూ అదే, అందుకే ఆ మాట దగ్గర ఆగిపోయాము. పద్దెనిమిదేండ్లకు కత్సుకావా షున్‌షో అనే గురువు దగ్గర బొమ్మలు గీయడం నేర్చాడు. గురువు పోయాక ఆ గుంపుతో చెడి బయటికొచ్చాడు. బతుకంతా ముప్పై దాకా పేర్లు మార్చుకున్నాడు. 93 ఇండ్లు మారినాడని చెప్తారు. డబ్బు చేతిలో నిలవలేదు.

ఆ బొమ్మ తయారయ్యే తీరు మన పనికి దగ్గర. చిత్రకారుడు పలచని కాగితం మీద గీస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీత గీతనూ నిలబెట్టి మిగతాది తీసేస్తాడు. అసలు బొమ్మ ఆ పనిలోనే పోతుంది. తర్వాత రంగు రంగుకూ వేరే చెక్క. అన్నీ ఒకే చోట కూర్చునేటట్టు మూలకు గుర్తు చెక్కుతారు. అచ్చువేసేవాడు తడి కాగితం పరిచి చేత్తో రుద్దుతాడు. పెట్టుబడి ప్రచురణకర్తది. మనకు డిజైను గీసేవాడు, అట్టలు కొట్టేవాడు, రంగులద్దేవాడు, ఆసుపోసేవాడు, నేసేవాడు, షావుకారు ఉన్నట్టే.

1824లో ఆయన బట్టల మీద అద్దే చిన్న చిన్న నమూనాలతో ఒక పుస్తకమే వేశాడు. అది చదివి మాకు ఆయన మన మనిషే అనిపించాడు.

అరవై దాటినాక కష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. పక్షవాతం తగిలింది, 1828లో భార్య పోయింది, మనవని జూదం అప్పులు నెత్తిన పడ్డాయి. ఆ తర్వాతనే, డెబ్బై దాటిన వయసులో, ఫుజి కొండ బొమ్మల వరుస వచ్చింది. ముప్పై ఆరని మొదలుపెట్టి, గిరాకీ ఉండి 46 చేశారు. బెర్లిన్‌లో పుట్టిన కొత్త నీలం రంగు అప్పుడే అక్కడ అగ్గువకు దొరుకుతున్నది, ఆ అలకు అదే వాడారు. ఆ బొమ్మను మామూలు జనమే కొనుక్కున్నారు. ఈ రోజు అదే అల జపాను వెయ్యి యెన్ల నోటు మీద ఉన్నది.

1839లో ఇల్లు కాలి ఎన్నో బొమ్మలు బూడిదైనాయి. మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. బిడ్డ ఓయి, తానూ మంచి చిత్రకారిణి, చివరిదాకా తోడున్నది. 1849లో, మన లెక్కన 88 ఏండ్లకు, కన్నుమూశాడు.

మాకు ముల్లులా గుచ్చుకున్న సంగతి ఒకటున్నది. ఆ అల బొమ్మ మీద హొకుసాయ్ సంతకం ఉన్నది, చెక్కినవాని పేరు లేదు. అయితే తర్వాత వేసిన ఫుజి కొండ నూరు బొమ్మల పుస్తకానికి ఎగావా తోమెకిచి చెక్కాడని తెలుసు. హొకుసాయ్ ఉత్తరాలు రాసి, ఆయనతోనే చెక్కించండని ప్రచురణకర్తను అడిగేవాడు. తాను చిన్నప్పుడు ఉలి పట్టినవాడు కదా, చేతి విలువ ఎరుగును.

మా సొసైటీలో పాత గ్రాఫు కాగితాల పెట్టె ఒకటుండేది. కారే కప్పు కింద పెట్టినాము. ఒక వానాకాలం తర్వాత తీస్తే ముద్దగా వచ్చింది. మూడు తరాల డిజైన్లు. గీసినవాళ్ళ పేర్లు మాకు కొన్నే గుర్తున్నాయి. తప్పు ఎవరిదో కాదు, కార్యదర్శిగా మాదే.

కాబట్టి ఈ సంచిక చదివే సోలాపూరు, సేలం, ఒడిశా, యానాం, ఎక్కడి మనవాళ్ళకైనా మా మనవి ఒకటే. ఇంట్లో, సొసైటీలో మిగిలిన పాత డిజైను కాగితాలు, జకార్డు అట్టలు, చీర ముక్కలు పగటి వెలుతురులో ఫొటో తీయండి. గీసినవాని పేరు, నేసినవాని పేరు, ఊరు, ఏడు రాసి సమాఖ్యకు పంపండి. ఎవరైనా వచ్చి తీస్తారని చూడకండి. మా దగ్గర మిగిలిన పదకొండు కాగితాలు ముందుగా మేమే పంపుతున్నాము.