విక్టోరియా రాణి – ఆమె కడగొట్టు కుమారుడు

పల్నాటి పాత పెట్టెలలో అప్పుడప్పుడు విక్టోరియా రాణి బొమ్మగల వెండి రూపాయి కనబడును. 1858లో మన గురజాల, మాచర్ల, నరసరావుపేట సీమ కుంపిణీవారి చేతినుండి ఆమె ఏలుబడిలోనికి పోయెను. రూపాయిమీది ఆ తల్లి దుఃఖము మాత్రము మనలో అనేకులెరుగరు.

ఆమె 1819లో జన్మించి, 1837లో పద్దెనిమిదేండ్ల ప్రాయమున రాణియయ్యెను. 1840లో తన మేనమామ కుమారుడైన ఆల్బర్టును పెండ్లాడెను. నలుగురు కుమారులు, ఐదుగురు కుమార్తెలు కలిగిరి. 1853లో పుట్టిన కడగొట్టు కుమారుడు లియోపోల్డునకు దెబ్బ తగిలినచో నెత్తురు త్వరగా గడ్డకట్టదు. కీళ్లు వాచి మంచము పట్టును. దీనిని హీమోఫిలియా యందురు. తల్లి భయపడి అతనిని కదలనీయక కాపాడెను. అతడో, పట్టుపట్టి ఆక్స్‌ఫర్డునకు చదువబోయెను. 1882లో వివాహము చేసికొనెను. 1884 మార్చిలో ఫ్రాన్సునందలి కేన్స్ పట్టణమున కాలుజారి పడి, మరునాడే మరణించెను. అప్పటికి ముప్పదియేండ్లవాడు.

మేనరికమువలన వచ్చినదని మనవారు వెంటనే అందురు. అది సరికాదు. కుమారునికి ఈ లోపము తల్లివైపునుండి వచ్చునేగాని తండ్రినుండి రాదు. ఆల్బర్టునకు ఇందులో పాలు లేదు. రాణిలోనో, ఆమె తండ్రి బీజములోనో ఈ మార్పు క్రొత్తగా పుట్టియుండునని శాస్త్రజ్ఞుల తలంపు. అట్లని తల్లిని నిందింపవచ్చునా? పుట్టుగ్రుడ్డివానిగూర్చి శిష్యులడిగిన ప్రశ్ననే నేటికిని మన యిండ్లలో కోడలిమీద వేయుచున్నాము. ఆమె తెలిసి చేసినదేమియు లేదు. అయితే ఒక్క మాట: ఈ వ్యాధిగల మేనమామ, దానిని లోలోపల మోయుచున్న అక్కకూతురిని చేసికొన్నచో ఆడుబిడ్డలకును రావచ్చును. అట్టి కుటుంబములవారు పెండ్లికి ముందే వైద్యుని అడుగుట మేలు.

రాణి కుమార్తెలు ఆలిస్, బియాట్రిస్ వ్యాధిలేకయే దానిని మోసిరి. ఆలిస్ చిన్న కుమారుడొకడు 1873లో కిటికీనుండి పడి చనిపోయెను. ఆమె కుమార్తె రష్యా రాణియయ్యెను. 1904లో పుట్టిన యువరాజు అలెక్సీకి అదే వ్యాధి. వైద్యులు చేతులెత్తివేయగా ఆ తల్లి రస్పుటిన్ అనువానిని నమ్మి ప్రజల నమ్మకము పోగొట్టుకొనెను. 1918లో కుటుంబమంతయు కాల్చబడెను. బియాట్రిస్ కుమార్తె ద్వారా వ్యాధి స్పెయిన్ రాజగృహమునకును పోయెను.

ముగ్గురు బిడ్డల మరణము చూచి, రాణి 1901లో కన్నుమూసెను. రష్యా రాజకుటుంబపు ఎముకలను పరీక్షించి, అది హీమోఫిలియా బి రకమని 2009లో తేల్చిరి. నెత్తురులో కొరతపడిన ఆ పదార్థమునే నేడు సూదిమందుగా నెత్తురునాళములోనికి ఎక్కించుచున్నారు.