గణితాచార్యుడు మహావీరుడు

ఆర్యభట, బ్రహ్మగుప్తుల సరసన నిలువదగిన భారతీయ గణితవేత్త మహావీరాచార్యుడు. జైనమతానుయాయి అయిన ఈ విద్వాంసుడు 9వ శతాబ్దిలో, మాన్యఖేటం రాజధానిగా కన్నడదేశాన్ని పాలించిన రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుని కాలమున వర్ధిల్లాడు. 850 ప్రాంతమున సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రచించి, గ్రంథారంభమున ఆ ప్రభువును కీర్తించాడు.

పూర్వులు పలువురు గణితాన్ని జ్యోతిషంలో ఒక భాగంగా బోధించగా, మహావీరుడు గణితానికే ప్రత్యేక గ్రంథాన్ని కేటాయించాడు. తొమ్మిది అధ్యాయాల ఆ గ్రంథంలో ఎనిమిదవది ఖాతవ్యవహారం. గోతులు త్రవ్వువారికి, గోడలు కట్టువారికి, కొయ్య కోయువారికి ఆవశ్యకమైన లెక్కలు అందున్నాయి. లెక్క తప్పినచో కూలివాని శ్రమకో, యజమాని ధనానికో నష్టం తప్పదు గదా!

ఇటుక పొడవు ఒక హస్తం, వెడల్పు అర హస్తం, మందం నాలుగు అంగుళాలుగా ఆచార్యుడు నిర్ణయించాడు. హస్తమునకు 24 అంగుళాలు. కనుక ఘనహస్తానికి 12 ఇటుకలు పడతాయి. 12 హస్తాల పొడవు, 2 హస్తాల వెడల్పు, 3 హస్తాల ఎత్తు గల గోడ ఘనపరిమాణం 72 ఘనహస్తాలు. దానికి కావలసిన ఇటుకలు 864.

ఇటుక కొలతలు మూడూ హస్తాన్ని నిశ్శేషంగా భాగించుటచేతనే ఈ లెక్క సరిపోయింది. అన్నిచోట్లా ఇట్లు కుదరదు. చిక్కపేట వర్తకుడొకడు పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో మూడేసి అడుగుల పెట్టెలు పేర్చదలచినాడనుకొందము. ఘనపరిమాణాన్ని భాగిస్తే 37 వస్తుంది. కాని ప్రతి దిశలోను మూడే పట్టుటచే నిజానికి ఇమిడేవి 27 మాత్రమే. భాగహారం గరిష్ఠ పరిమితిని తెలుపుతుంది. వస్తువు ఆకృతి తుది సంఖ్యను నిర్ణయిస్తుంది.

మహావీరుని విద్య సంస్కృతజ్ఞులకే పరిమితం కాలేదు. తరువాతి రెండు మూడు శతాబ్దాలలోనే పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని ఆధారంగా గైకొని, ‘సారసంగ్రహ గణితము’ను తెలుగు పద్యాలలో వెలయించాడు. ‘పావులూరి గణితము’గా అది ప్రసిద్ధి చెందింది. మూలగ్రంథం 1912లో రంగాచార్యుల ఆంగ్లానువాదంతో మద్రాసులో ముద్రితమై ప్రపంచ పండితుల దృష్టిని ఆకర్షించింది.

కన్నడసీమలో వెలసిన శాస్త్రం తెలుగు పలుకుబడిలో ఒదిగి నిలిచింది. గహనమైన గణితమైనను మాతృభాషలో బోధింపవచ్చునని ఆ ఇరువురి కృషి నేటి విద్యార్థులకు చాటుతున్నది.