సముద్రం లోతు కొలిచిన పాల్ లాంజెవిన్

బి.ఎస్సీ.లో అయస్కాంతత్వం పాఠంలో లాంజెవిన్ సిద్ధాంతాన్ని మేము పరీక్ష కోసం బట్టీపట్టాము. ఆయనెవరో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పి.జి.లో అతిధ్వనుల పాఠంలో ఆ పేరే మళ్ళీ కనబడింది. అప్పుడు వెదికి చదివిన సంగతులే హాస్టల్ తమ్ముళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాము.

లాంజెవిన్ 1872 జనవరి 23న పారిస్‌లో సామాన్య కుటుంబంలో జన్మించారు. కాలేజీలో ఆయన చేత ప్రయోగాలు చేయించిన గురువు పియరీ క్యూరీ. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో అన్న జాక్‌తో కలిసి కనిపెట్టింది ఈ క్యూరీయే.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచేస్తుండేవి. నీటిలోకి అతిధ్వనిని పంపి, ప్రతిధ్వనితో వాటిని పట్టుకోవచ్చని 1915లో రష్యన్ ఇంజనీరు చిలోవ్‌స్కీ సూచించాడు. ఆ పని లాంజెవిన్ చేతికి వచ్చింది. 1916లో సముద్రపు అడుగు నుంచి ప్రతిధ్వని అందింది గాని, పరికరం ఇంకా చాలలేదు. 1917లో ఆయనకు గురువుగారి స్ఫటికం గుర్తుకొచ్చింది. క్వార్ట్జ్ ముక్కలను రెండు ఉక్కు పలకల మధ్య అమర్చి విద్యుత్తు ఇస్తే అది కంపించి ధ్వనిని పంపుతుంది. తిరిగొచ్చిన ధ్వని తగిలితే అదే విద్యుత్తునిస్తుంది. నోరూ అదే, చెవీ అదే! ఆ బలహీనమైన సిగ్నల్‌ను వాల్వు యాంప్లిఫయర్‌తో పెంచారు. 1918లో జలాంతర్గామి ప్రతిధ్వని స్పష్టంగా వినిపించింది.

అంతకుముందు సముద్రం లోతు తెలియాలంటే తాడుకు సీసపు గుండు కట్టి దింపేవారు. నడిసముద్రంలో ఒక్క కొలతకే గంటలు పట్టేది. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. ప్రతిధ్వని 4 సెకన్లకు వస్తే లోతు 3000 మీటర్లు. పోనూ రానూ కాబట్టి సగం చేయాలి (అది మరిచి మాలో ఒకడు మార్కులు పోగొట్టుకున్నాడు). మామూలు శబ్దం నలువైపులా చెదిరిపోతుంది. అతిధ్వని టార్చిలైటు వెలుగులా సన్నగా సాగుతుంది కనుక ఏ చోటి లోతు ఆ చోటుకే తెలుస్తుంది. నేటి ఓడలు ఇలాంటి కిరణాలను ఒకేసారి వందల సంఖ్యలో వాడి, కంప్యూటర్లతో సముద్రగర్భం పటాలు గీస్తున్నాయి.

1940 అక్టోబరు 30న నాజీలు 68 ఏళ్ళ లాంజెవిన్‌ను జైల్లో పెట్టారు. విడిచిపెట్టాలంటూ పారిస్ విద్యార్థులు వీధిలోకి వచ్చారు. తర్వాత ఆయనను ట్రోయ్ పట్టణంలో నిర్బంధించారు. అల్లుడు జాక్ సోలొమన్, ఆయనా భౌతిక శాస్త్రజ్ఞుడే, 1942లో కాల్చి చంపబడ్డారు. కూతురు ఎలెన్‌ను ఆష్‌విట్జ్‌కు పంపారు. ఆమె ప్రాణాలతో తిరిగొచ్చింది.

1944లో ఆయన విద్యా సంస్కరణల సంఘానికి అధ్యక్షులయ్యారు. పేద, ధనిక భేదం లేకుండా 18 ఏళ్ళ వరకు పిల్లలందరికీ చదువు ఉండాలన్నది ఆ ప్రణాళిక. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే కాబట్టి కాబోలు, స్ఫటికం కన్నా ఇదే మా మనసుకు ఎక్కువగా పట్టింది. 1946 డిసెంబరు 19న ఆయన మరణించారు. ప్రణాళిక 1947లో ప్రభుత్వానికి అందింది కాని, పూర్తిగా అమలు కాలేదు.