మరుగుపడి మాయని వన్నెలు: గ్రెగర్ మెండెల్ జీవితం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో మొక్కజొన్న పాము అనే విషరహిత సర్పమొకటి ఉంది. నారింజవన్నె దేహము, దానిపై నల్లని అంచులుగల ఎఱ్ఱని మచ్చలు దాని సహజరూపం. పాములను పెంచేవారు దీని నుండి ఎన్నో కొత్త వన్నెలను సాధించారు. నలుపు లేనివి కొన్ని, ఎఱుపు లేనివి కొన్ని, రెండూ లేక మంచువలె తెల్లనైనవి కొన్ని. ఇవి కేవలం అదృష్టవశాన లభించినవి కావు. ఏ జంటకు ఏ వన్నె పిల్లలు ఏ పాలున పుట్టగలవో పెంపకందారులు ముందుగానే లెక్కకట్టగలరు. ఆ లెక్కను లోకానికి నేర్పినవాడు పాములు పెంచినవాడు కాడు. మఠపు తోటలో బఠాణీలు పెంచిన ఒక సన్యాసి. ఉపాధ్యాయ పరీక్షకు రెండుమార్లు కూర్చుని కృతార్థుడు కాలేకపోయిన బడిపంతులు. ఆయనే గ్రెగర్ మెండెల్.

1822 జూలైలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని హైన్జెన్‌డార్ఫ్ అనే కుగ్రామంలో యోహాన్ మెండెల్ జన్మించాడు. ఆ ఊరు నేడు చెక్ దేశంలో ఉంది. తండ్రి ఆంటన్ చిన్న రైతు. సొంత చేను దున్నుకుంటూనే జమీందారుకు వెట్టి చేయవలసిన రోజులవి. 1838లో చెట్టుమొద్దు మీదపడి తండ్రి గాయపడగా, పదహారేండ్ల బాలుడు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ తన చదువు తానే సాగించుకోవలసి వచ్చింది. అర్ధాకలి వలన ఆరోగ్యం చెడింది. అప్పుడు చెల్లెలు థెరీసియా కట్నం నిమిత్తం తన పేర ఉంచిన సొమ్ములో కొంత అన్న చదువుకు ఇచ్చివేసింది. మెండెల్ ఈ మేలు మరువలేదు. అనంతరకాలంలో ఆమె కుమారుల విద్యకు తోడ్పడి ఋణం తీర్చుకున్నాడు.

1843లో ఆయన బ్రున్ పట్టణంలోని సెయింట్ థామస్ మఠంలో చేరి గ్రెగర్ అనే నామం స్వీకరించాడు. నేటి బ్రనో నగరమే ఆ బ్రున్. ఆ ప్రాంతం ఉన్నికి పేరుపడినది. మేలైన ఉన్నిగల గొఱ్ఱెలను పొందడమెట్లా అని అక్కడివారు ఎంతో యోచించేవారు. మఠాధిపతి సిరిల్ నాప్ స్వయంగా ఆ చర్చలలో పాల్గొని, తల్లిదండ్రుల నుండి బిడ్డకు ఏది సంక్రమిస్తుంది, ఎట్లు సంక్రమిస్తుంది అనేదే అసలు ప్రశ్న అని గుర్తించినవాడు. తల్లిదండ్రుల గుణాలు పాలూ నీళ్ళవలె బిడ్డలో కలిసిపోతాయని ఆ కాలంలో పలువురి నమ్మకం.

మెండెల్ 1849లో ఒక పాఠశాలలో తాత్కాలికోపాధ్యాయుడయ్యాడు. పిల్లలు ఆయన బోధనను మెచ్చారు. కాని 1850లో ఉపాధ్యాయ పరీక్షకు వెళ్ళి, జంతుశాస్త్ర, భూగర్భశాస్త్ర విషయాలలో తప్పాడు. నాప్ ఆయనను 1851లో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. అక్కడ డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం, ఉంగర్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. ప్రకృతిని అంకెలతో ప్రశ్నించవచ్చుననే పాఠం అక్కడే ఒంటబట్టింది. 1856లో మరల పరీక్షకు వెళ్ళి, అస్వస్థుడై మధ్యలోనే విరమించాడు. 1854 మొదలు 1868 వరకు బ్రున్ పాఠశాలలో తాత్కాలికోపాధ్యాయుడుగానే ఉండిపోయాడు.

పరీక్ష తప్పిన ఆ 1856లోనే మఠపు తోటలో మహాప్రయోగం ఆరంభమైనది. మెండెల్ 34 రకాల బఠాణీలు తెప్పించి, అవి తరతరానికీ మారకుండా నిలుస్తాయో లేదో ముందుగా పరీక్షించాడు. పిదప ఏడు లక్షణాలను ఎన్నుకున్నాడు. లేత మొగ్గను విప్పి, కేసరాలను త్రుంచి, వేరొక మొక్క పుప్పొడిని అద్ది సంకరం గావించేవాడు. పసుపు గింజల రకాన్నీ ఆకుపచ్చ గింజల రకాన్నీ కలిపితే మొదటి తరంలో అన్నీ పసుపే. కాని రెండవ తరంలో 6022 పసుపు గింజలు, 2001 ఆకుపచ్చ గింజలు కనిపించాయి. దాదాపు మూడింటికి ఒకటి.

అనగా ఆకుపచ్చ నశించలేదు, మరుగుపడింది. ప్రతి మొక్కలోనూ ఒక్కొక్క లక్షణానికి రెండేసి అంశాలు, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, ఉంటాయని మెండెల్ గ్రహించాడు. పైకి కనిపించేది బహిర్గత లక్షణం. దాగియుండేది అంతర్గత లక్షణం. దాగిన అంశాలు రెండు ఒక గింజలో కలిసినప్పుడు ఆ వన్నె మరల వెలికివస్తుంది. రెండేసి లక్షణాలను ఒకేసారి పరిశీలింపగా 315, 101, 108, 32 అనే అంకెలు లభించాయి. ఇది 9:3:3:1 నిష్పత్తి. ఎనిమిదేండ్లలో ఆయన పరిశీలించిన మొక్కలు దాదాపు 28,000.

1865 ఫిబ్రవరి, మార్చి నెలలలో బ్రున్ ప్రకృతిశాస్త్ర సంఘంలో ఈ ఫలితాలను చదివి వినిపించాడు. 1866లో వ్యాసం అచ్చయి వందకు పైగా సంస్థలకు చేరింది. ఎవరూ కదలలేదు. మ్యూనిక్ వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలీకి లేఖలు వ్రాయగా, ఆయన హాక్‌వీడ్ అనే మొక్కపై ప్రయోగాలను ప్రోత్సహించాడు. ఆ మొక్క తరచు ఫలదీకరణం లేకుండానే విత్తనం కడుతుందని నాడు తెలియదు. అక్కడ మెండెల్ లెక్కలు తప్పాయి. 1868లో మఠాధిపతియైన పిమ్మట ప్రభుత్వంతో పన్ను వివాదం ఆయన కాలాన్ని హరించింది. 1884 జనవరి 6న కీర్తిశేషుడైనప్పుడు పట్టణ ప్రజలు విలపించినది తాము ఎరిగిన మఠాధిపతికై, శాస్త్రజ్ఞుని వారెరుగరు.

1900లో డీ వ్రీస్, కారెన్స్, షెర్మాక్ అనే ముగ్గురు వేర్వేరుగా ఆ నియమాలను చేరుకొని ఆ పాత వ్యాసాన్ని వెలికితీశారు. అనతికాలంలోనే బేట్సన్ కోళ్ళలోను, క్యూనో ఎలుకల రంగులలోను అదే లెక్కను చూపారు. 1953లో ఉత్తర కరోలినాలో నలుపు లేని మొక్కజొన్న పాము ఒకటి పట్టుబడింది. ఆ లోపం అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుందని బెర్నార్డ్ బెక్టెల్, ఎలిజబెత్ బెక్టెల్ 1962లో ప్రకటించారు. నలుపు లేని పామును ఎఱుపు లేని పాముతో జతకూర్చితే పిల్లలన్నీ సహజవర్ణమే. ఆ పిల్లలు పెరిగి తమలో తాము జతకూడితే, సగటున పదహారింట ఒకటి మంచుపాము. ఇది బఠాణీల నాటి నిష్పత్తే.

పెంపకందారు సృష్టించేది ఏమీ లేదు. ఎదుట లేని వన్నె లోపల ఉన్నదని నమ్మి, రెండవ తరం వరకు ఓర్పుతో వేచియుండడమే అతని విద్య. మెండెల్‌కు ఆ రెండవ తరాన్ని చూచే భాగ్యం లేకపోయింది. ముప్పది నాలుగేండ్లు గ్రంథాలయాల బీరువాలలో దాగిన ఆయన కృషి మాత్రం చెక్కుచెదరక వెలికివచ్చింది. పరీక్షాధికారులు యోగ్యతాపత్రమివ్వని ఆ ఉపాధ్యాయుని పాఠాన్ని నేడు ప్రతి పాఠశాలలోనూ ఉపాధ్యాయులు బోధిస్తున్నారు.