పరదేశి చిత్రకారుడు హోల్‌బైన్

జర్మనీ దేశమందలి ఔగ్స్‌బర్గ్ నగరమున 1497వ సంవత్సర ప్రాంతమున హాన్స్ హోల్‌బైన్ జన్మించెను. తండ్రియు చిత్రకారుడే, పేరును అదియే. కావున కుమారుని చిన్న హోల్‌బైన్ అని వ్యవహరింతురు. యౌవనమున స్విట్జర్లాండు నందలి బాసెల్ చేరి, అచ్చటనే వివాహమాడి, 1520లో పౌరసత్వమును బడసెను. మతసంస్కరణోద్యమము చెలరేగి దేవాలయములకు చిత్రములు వ్రాయించువారు కరవగుటచే, 1526లో ఎరాస్మస్ పండితుని సిఫారసుపై ఇంగ్లండునకు పోయి, థామస్ మోర్ అను విద్వాంసుని ఆశ్రయించెను.

1528లో బాసెల్‌కు మరలివచ్చి భార్యను, ఇరువురు బిడ్డలను చిత్రించెను. పరదేశమున ప్రభువుల పట్టుబట్టలకు నిగనిగలు దిద్దిన ఆ చేయి ఇంటివారికి ఏ మెరుగును పెట్టలేదు. ఇల్లాలి కన్నులు ఎఱ్ఱబారియున్నవి, రెప్పలు బరువెక్కియున్నవి. రెండేండ్ల ఒంటరి సంసారమును ఆ ముఖమే చెప్పుచున్నది. అయినను 1532లో ఆయన మరల లండను పోయెను. నగరపాలకులు వేతనమిత్తుము రమ్మని పిలిచినను, 1538లో కొలదిదినములు వచ్చిపోవుట తప్ప కాపురమునకు రాలేదు.

లండనులో ఆయనచే చిత్రములు వ్రాయించుకొన్నవారిలో పలువురు తనవలెనే పరదేశులైన జర్మను వర్తకులు. వారిలో గియోర్గ్ గీజ్ అనువాని చిత్రము (1532) నేడు బెర్లిన్ చిత్రశాలలో నున్నది. బల్లపై సిరా, ముద్రలు, కత్తెర, నాణెములు, గాజుపాత్రలో పూలు. వెనుక వ్రేలాడు త్రాసు. గోడకు చెక్కిన ఉత్తరములు. చేతిలో ఇంటినుండి వచ్చిన లేఖ. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నేను ముఖముకంటె ముందు ఆ బల్లనే చూతును. ఊరుగాని ఊరిలో ఆ యువకుడు ఎవ్వడో ఆ వస్తువులే సాక్ష్యమిచ్చుచున్నవి.

1536 నాటికి హోల్‌బైన్ ఎనిమిదవ హెన్రీ రాజునకు చిత్రకారుడయ్యెను. మొదటి ఆశ్రయదాతయగు మోర్ శిరస్సును 1535లో ఖండింపజేసిన రాజే ఆయన! ఉదరపోషణకై వచ్చినవాడు ఏమి చేయగలడు? 1539లో క్లీవ్స్ రాజకుమారి ఆన్ రూపమును చిత్రించి తెచ్చెను. రాజు 1540 జనవరిలో ఆమెను పెండ్లాడి, జూలైలో ఆ వివాహమును రద్దు చేయించెను. సంబంధము కుదిర్చిన మంత్రి క్రామ్‌వెల్ తల ఆ నెలలోనే తెగెను. చిత్రము అబద్ధమాడినదని కొందరందురు. కాని అచ్చటనున్న ఆంగ్ల రాయబారి నికొలస్ వొటన్ పోలిక చక్కగా కుదిరినదనియే వ్రాసెను. నేను రాయబారి పక్షమువాడను.

లండను నగరపు 1541వ సంవత్సరపు పన్నుపట్టీలో హోల్‌బైన్ పేరు పరదేశుల పద్దున నున్నది. వేతనము 30 పౌండ్లు, పన్ను 3 పౌండ్లు. స్వదేశీయులు చెల్లించుదానికి అది రెట్టింపు. నేటికిని హెన్రీ అనగానే లోకమునకు తోచు ముఖము ఆయన దిద్దినదే. ఆ రాజుగారి లెక్కలలో మాత్రము ఆయన పరాయివాడే. ఫ్లారెన్సు నగరమున ఆయన స్వీయచిత్రమని చెప్పబడుదానిపై బాసెల్ వాడని వ్రాసియున్నది.

1543 అక్టోబరులో మరణశాసనము వ్రాసి, కొలదికాలముననే లండనులో గతించెను. తన సామగ్రిని, గుఱ్ఱమును అమ్మి అప్పులు తీర్చవలెననియు, లండనులో దాదికడ పెరుగుచున్న ఇరువురు శిశువుల పోషణకు నెలకు 7 షిల్లింగుల 6 పెన్నీలు ఇయ్యవలెననియు అందు వ్రాయించెను. బాసెల్ నందలి భార్యాబిడ్డల ప్రస్తావన అందు లేదు.